కంప్యూటరుతో వియ్యం

వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకి వచ్చాను. ఈ పూటకి పచ్చళ్లూ, అల్లికలూ, పిల్లల దగ్గూ జలుబూ పక్కన పెట్టి కంప్యూటరు గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందాం. "అదంతా పిల్లల వ్యవహారం, మనకెందుకు?" అని రేడియో కట్టెయ్యకండి. బీరువాలోంచి డబ్బు తీసేది మనం. కొన్నాక ఏళ్ల తరబడి ఆ వస్తువుతో వేగవలసిందీ మనమే.

మా అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. ల్యాప్‌టాప్ కొనాలి. ఆపిల్ వాళ్లది తప్ప వద్దంటుంది అమ్మాయి. విండోస్‌ది కొంటే బోలెడు డబ్బు మిగులుతుంది, చెడిపోతే సందు చివర కుర్రాడైనా బాగుచేస్తాడు అంటాడు వాళ్లన్న. శ్రీనగర్ కాలనీలో మాది పాతకాలపు ఇల్లు. హాల్లో గొంతు పెంచితే వీధి గేటు దాకా వినిపిస్తుంది. వీళ్ల వాదన వింటుంటే, నా చిన్నప్పుడు మా మేనమామలు రామారావు గొప్పా నాగేశ్వరరావు గొప్పా అని కంచాల ముందు ఎంగిలి చేతులతో పోట్లాడుకోవడం జ్ఞాపకం వచ్చింది. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అంతవరకూ మాట్లాడకుండా దీపారాధనకి వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తి, "కొత్తది తరవాత కొందురుగాని. ముందు మీ తాతగారి పుస్తకం తెరిచి చూపించండర్రా" అన్నారు. అందరూ గప్‌చిప్. ఆ పుస్తకం సంగతి చివర్లో చెబుతాను. కంప్యూటరు కొనడమంటే ఏమిటో నాకు తెలిసివచ్చింది దానివల్లనే.

ముందు మనకి తెలిసిన వస్తువుతో మొదలుపెడదాం. మీ మిక్సీ జారు పగిలిందనుకోండి. బజారులో జార్లు కొల్లలుగా ఉంటాయి, కానీ మీ మిక్సీకి పట్టేది ఒక్కటే రకం. కుక్కరు గాస్కెట్ అంతే. మూత లోపలికి దిగే కుక్కరు రబ్బరు, మూత పైన బిగించే కుక్కరుకి పనికిరాదు. అంటే మిక్సీ కొన్న రోజున మీరు మిక్సీని మాత్రమే కొనలేదు. ముందు ముందు కొనబోయే జార్లు, బ్లేళ్లు, రిపేరువాడు, అన్నీ ఆ రోజే ఖాయం చేసేసుకున్నారు. అయినా మిక్సీతో పెద్ద ప్రమాదం లేదు. రేపు కంపెనీ మార్చినా, మీ ఇంట్లో పప్పులూ మిరపకాయలూ ఏ జారులోనైనా నలుగుతాయి.

కంప్యూటరుతో వచ్చిన చిక్కు ఇక్కడే. అందులో మనం వేసేవి పప్పులు కావు. ఫొటోలు, ఉత్తరాలు, ఇంటి లెక్కలు, పిల్లల చదువు. అవి ఒక యంత్రంలో వేసినట్టుగా ఇంకో యంత్రంలో నలగకపోవచ్చు.

కంప్యూటరులో కంటికి కనిపించే తెరా, మీటలూ, డబ్బా ఇల్లు లాంటివైతే, దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఇల్లాలు లాంటిది. ఏ గిన్నె ఎక్కడుందో, ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరికి ఎంత వడ్డించాలో ఆవిడకే తెలుసు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఒక ఇల్లాలు, ఆపిల్ వారి మాక్ మరొకరు, ఎవరి సొత్తూ కాని లినక్స్ ఇంకొకరు. ఫోన్లలో గూగుల్ వారి ఆండ్రాయిడ్, ఆపిల్ వారి ఐఓఎస్. ఒక్కొక్కరికీ ఒక పరివారం ఉంటుంది: వారి కోసమే రాసిన ప్రోగ్రాములు, వారి దుకాణం, ఫొటోలు దాచే గది, ఛార్జరు, గడియారం, చెవిలో పెట్టుకునేవి. ఈ మొత్తాన్ని ఇప్పుడు ఎకోసిస్టమ్ అంటున్నారు. మనవైపు మాటలో వియ్యాలవారంటే సరిపోతుంది. పిల్లాడు ఒడ్డూ పొడుగూ బాగున్నాడని సంబంధం ఖాయం చేస్తామా? ఇంట్లో ఎవరెవరున్నారు, వాళ్ల తీరు ఏమిటి, రేపు పండక్కి పిల్లని పుట్టింటికి పంపుతారా, అన్నీ వాకబు చేస్తాం. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రంగూ, ధరా చూసి తాంబూలాలు పుచ్చేసుకుంటాం.

అసలు ఈ రెండు పెద్ద కుటుంబాలూ విడివిడిగా ఎలా పెరిగాయో కొంచెం చెప్పాలి. 1977లో ఆపిల్ టూ అనే కంప్యూటరు వచ్చింది. 1981లో ఐబీఎం తన పీసీని తెచ్చింది. తొందరలో ఉన్న ఐబీఎం బజారులో దొరికే భాగాలతోనే దాన్ని కట్టి, నడిపించే ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకుంది. అయితే ఆ ప్రోగ్రాము ఇతరులకి అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉండిపోయింది. కొద్దికాలానికే వేరే కంపెనీలు అచ్చం అలాంటి యంత్రాలు తయారుచేశాయి. పోటీ పెరిగి ధరలు తగ్గాయి. ఎవరు ఏ డబ్బా అమ్మినా లోపల ఇల్లాలు మైక్రోసాఫ్ట్ వారిదే. ఆపిల్ వారు మాత్రం బట్టా మాదే, కుట్టూ మాదే, బొత్తాములూ మావే అన్నారు. 1984లో వచ్చిన మాకింటాష్ అలాంటిదే. 1995 ప్రాంతంలో ఇతర కంపెనీలకి తమ సిస్టమ్ ఇచ్చి చూశారు గాని, స్టీవ్ జాబ్స్ తిరిగి వచ్చాక 1997లో ఆ తలుపు మూసేశారు.

ఇది అమెరికా గొడవ అనుకోకండి. మన ఊళ్లో మధ్యతరగతి ఇళ్లన్నీ విండోస్ ఇళ్లు కావడానికి కారణం ఇదే. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చాలామంది ఎరుగుదురు. ఒక కొట్లో మదర్‌బోర్డు, పక్క కొట్లో డబ్బా, పై అంతస్తులో తెర బేరమాడి కొని, అక్కడే కూర్పించి ఆటోలో తెచ్చుకునేవాళ్లం. మాదీ అలాగే వచ్చింది. ఆపిల్‌ని అలా విడిభాగాలుగా కొని కట్టించుకోవడం కుదరదు. పోతే, విండోస్ కూడా చాలా ఇళ్లలోకి డబ్బిచ్చి కొనగా రాలేదు, కాపీ సీడీ మీద వచ్చింది. ఈ మాట రేడియోలో చెప్పకూడదేమో గాని అందరికీ తెలిసిందే. ఆ కంపెనీకీ తెలుసు. ఎలాగూ దొంగతనం చేసేవాళ్లు మా సరుకే దొంగిలిస్తే మంచిది, అలవాటు పడ్డాక డబ్బు రాబట్టే మార్గం చూసుకుంటాం అనే అర్థం వచ్చేలా బిల్ గేట్స్ 1998లో చైనా గురించి మాట్లాడాడు. వియ్యాలవారి లెక్కలు ఎంత ముందుచూపుతో ఉంటాయో చూడండి.

మరి అభిమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇది తెలియాలంటే మా ఇంటి నుంచి ఎల్లారెడ్డిగూడ మీదుగా అమీర్‌పేట దాకా నడిస్తే చాలు. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఎంతకాలంగానో కంప్యూటరు కోర్సుల బోర్డులే. ఒక బోర్డు మీద జావా, పక్క బోర్డు మీద డాట్‌నెట్, పైన ఒరాకిల్, మెట్ల దగ్గర శాప్. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో నలుగురేసి ఒక గదిలో ఉండి, తల్లి మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన ఫీజు కట్టి, రెండు మూడు నెలలు నేర్చుకునేవారు. జావానా, డాట్‌నెట్టా? ఆ ప్రశ్న వాళ్లకి ఎన్టీఆర్, ఏఎన్నార్ ప్రశ్న కాదు, బతుకుతెరువు.

దాని వెనక కథ కూడా వియ్యాలవారిదే. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ జావాని విడుదల చేసింది. ఒకసారి రాస్తే ఏ కంప్యూటరులోనైనా నడవాలని దాని ఉద్దేశం. అలా నడిస్తే ఇక ఏ ఇల్లాలైతే ఏమిటి? విండోస్‌కి అది గిట్టలేదు. మైక్రోసాఫ్ట్ తన సొంత హంగులు కలిపి, విండోస్‌లో మాత్రమే సరిగా నడిచే జావాని తయారుచేసిందని సన్ కంపెనీ 1997లో కోర్టుకి వెళ్లింది. 2001లో రాజీ పడ్డారు. 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ తెచ్చింది. ఆ రెండు కంపెనీల తగవు ఏడాది తిరక్కుండా అమీర్‌పేటలో రెండు బోర్డులై వెలిసింది.

ఒక పిల్లాడు డాట్‌నెట్ మీద ఆరు నెలలూ, వేల రూపాయలూ పోసి ఉద్యోగం సంపాదించాడనుకోండి. రేపు మేనత్త కంప్యూటరు కొంటానంటే ఏది కొనమంటాడు? తనకి తెలిసినదే చెబుతాడు. అందులో మోసం ఏమీ లేదు. చేతికి అలవాటైన కత్తిపీట అందరికీ ముద్దే. కాని మనం "వాడికి కంప్యూటర్లు తెలుసు కదా" అని అడిగినప్పుడు, వాడికి తెలిసింది ఒక ఇంటి మర్యాద మాత్రమే అన్న సంగతి మరిచిపోకూడదు. మా పక్కింటావిడైతే ఇంకో మెట్టు పైన. మన బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్‌కి పెద్ద అయ్యాడు కాబట్టి విండోసే కొంటానంది. "మన అబ్బాయి" అంటుంది ఆవిడ. అదీ ఒక కారణమే, కాదనడానికి నేనెవరిని?

అభిమానంగా కనిపించేదాంట్లో చాలాభాగం గుమ్మం దాటలేకపోవడమే అని నా ఉద్దేశం. 2003లో రిలయన్స్ వారు 501 రూపాయలకే చేతిలో ఫోను పెట్టిన వానాకాలం గుర్తుందా? మా వీధిలో పాలవాడికీ, చాకలికీ కూడా ఫోనొచ్చింది. ఆ పుణ్యం కాదనలేం. కాని ఆ ఫోను వారి లైనులో తప్ప మోగదు. సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకుందామంటే తీయడానికి సిమ్మే ఉండేది కాదు. ఏ కంపెనీ వాళ్లదైనా నంబరు మార్చుకోవాలంటే ప్రాణం ఒప్పేది కాదు, చుట్టాలందరి దగ్గరా అదే కదా ఉన్నది! 2011 జనవరి 20 నుంచి దేశమంతటా పాత నంబరుతోనే కంపెనీ మారవచ్చని ప్రభుత్వం వీలు కల్పించింది. అంతవరకు ఆ కంపెనీ వదలని "నమ్మకస్తుల"లో ఎంతమంది ప్రేమకొద్దీ ఉన్నారు, ఎంతమంది గతిలేక ఉన్నారు?

కంప్యూటర్లకి అలాంటి చట్టం పూర్తిగా రాలేదు. చిన్న చిన్న కిటికీలు తెరుచుకున్నాయి. ఛార్జరు సంగతే చూడండి. ఐఫోనుకి ఒక తీగ, మిగతా ఫోన్లకి ఇంకో తీగ కావడంతో మన ఇళ్లలో సొరుగులు పాముల పుట్టలయ్యాయి. ఐరోపా దేశాలు 2022లో అన్నిటికీ ఒకే టైప్-సి ఉండాలని చట్టం చేస్తే, 2023లో వచ్చిన ఐఫోను 15 నుంచి ఆపిల్ కూడా ఆ దారికే వచ్చింది. అమెరికాలో ఐఫోను నుంచి ఐఫోను ఉన్నవాళ్లకి పంపిన సందేశాలు నీలం రంగులోనూ, లేనివాళ్లకి పంపినవి ఆకుపచ్చలోనూ కనిపిస్తాయి. బళ్లలో పిల్లలు ఆకుపచ్చవాళ్లని చిన్నచూపు చూస్తారని డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు చెబితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక్కడ మనకి ఆ బాధ తక్కువ. అందరం వాట్సాప్‌లోనే ఉన్నాం, అది రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుంది. కానీ ఆ వాట్సాప్ కూడా ఒక ఇల్లే అని, అందులోంచి బయటికి నడవాలంటే మొత్తం బంధుకోటిని వెంటబెట్టుకు నడవాలని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఫొటోల సంగతి మీలో చాలామంది అనుభవించే ఉంటారు. 2015లో గూగుల్ వారు ఫొటోలు ఎన్నైనా ఊరికే దాచుకోండి అన్నారు, సైజు కాస్త తగ్గించి దాచేట్టయితే. పెళ్లిళ్లూ, బారసాలలూ, సంక్రాంతి ముగ్గులూ అన్నీ పోశాం. 2021 జూన్ 1 నుంచి కొత్తగా చేర్చేవాటికి 15 జీబీ దాకానే ఉచితం, పైన అద్దె అన్నారు. ఆపిల్ వారి దగ్గర ఉచితం 5 జీబీయే. అద్దె పెద్దదేమీ కాదు. కాని ఇల్లు నిండాక సామాను దింపే ఓపిక ఎవరికుంది? నెలనెలా కట్టేస్తాం. ఆ కట్టే అలవాటే వాళ్ల వ్యాపారం.

ఇక మా మామగారి పుస్తకం. ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. తన సర్వీసు కబుర్లన్నీ రాసి, సుమారు పాతికేళ్ల కిందట ఒక డీటీపీ సెంటరులో ఇచ్చి కంప్యూటరులో ఎక్కించారు. ప్రింటు తీసిన ప్రతి ఒక్కటే. దాన్ని చదివిస్తానని పట్టుకెళ్లిన బంధువు తిరిగి ఇవ్వలేదు. చేతిరాత కాగితాలు ఇల్లు సున్నం వేసినప్పుడు పోయాయి. మామగారూ వెళ్లిపోయారు. మిగిలింది ఒక సీడీ. మా అబ్బాయి ఎక్కడెక్కడో అడిగి, సీడీ చదివే పెట్టె తెచ్చి తెరిస్తే, తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు, ఎక్కడా అర్థం పర్థం లేని గీతలు. అత్తగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

ఎందుకలా అయిందంటే, ఆ రోజుల్లో మామూలు కంప్యూటరుకి తెలుగు రాదు. ఎవరికి వారు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాల బొమ్మలు తీసేసి ఆ స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చారు. ఒక చోట తలకట్టు, ఒక చోట కొమ్ము, ఒక చోట ఒత్తు. కంప్యూటరు లోపల ఇంగ్లీషే దాచుకుంటుంది, ముఖానికి మాత్రం తెలుగు వేషం. ఈ వేషం ఒక్కో కంపెనీది ఒక్కో రకం, మీటల వరస కూడా ఒక్కో రకం. ఒక వరస వేళ్లకి పట్టిన టైపిస్టు ఇంకో వరసకి మారడు. టైపిస్టు మారడు కాబట్టి ప్రెస్సు మారదు. ప్రెస్సు మారదు కాబట్టి రాసేవాళ్లూ మారరు. వేషం తీసేస్తే మిగిలేది మేము చూసిన ఆ గీతలే. మా మామగారి నలభై ఏళ్ల సర్వీసు అలా ఒకరి ఫాంటు గదిలో ఉండిపోయింది, తాళం చెవి మాత్రం పోయింది.

దీనికి మందు అప్పటికే ఉంది. 1991లోనే మన భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే పద్ధతి ఇచ్చింది. అదే సంవత్సరం వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు. 'అ' అంటే ఏ కంపెనీ యంత్రంలోనైనా ఒకే అంకె. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. పోతన, వేమన ఫాంట్లు తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసి ఉచితంగా ఇచ్చారు. మన హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చారు. అయినా అలవాటు పడ్డ వేళ్లు అంత తొందరగా మారవు. మంచి పద్ధతి వచ్చినంత మాత్రాన పాత గుమ్మం దాటడం తేలికైపోదు.

ఒకే పద్ధతి వచ్చాక చిక్కులు లేవా అంటే, ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిపి ఎవరైనా పంపితే చాలు, ఐఫోనులో ఆ సందేశాల యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది, ఇలాగా మాట్లాడుకోవాలి! ఆపిల్ వారు అదే నెల 19న సవరణ పంపారు. ఒకే చేతి కింద నడిచే ఇంట్లో సుఖం అది, మందు ఒక్క రోజున అందరికీ అందుతుంది. ఆండ్రాయిడ్‌లో అయితే ఫోను తయారుచేసిన కంపెనీ ఎప్పుడు పంపితే అప్పుడు.

పాత కంప్యూటరు ఉన్నవాళ్లకి ఒక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాల మీద ఎక్కదు. అంతమాత్రాన పాతసామాను వాడికి వేసెయ్యకండి. అదే డబ్బాలో లినక్స్ వేయిస్తే ఉత్తరాలకీ, లెక్కలకీ, పాటలకీ భేషుగ్గా పనిచేస్తుంది. మాది అలాగే నడుస్తోంది. కొత్తది కొనేవాళ్లు మాత్రం కొట్లో అబ్బాయిని ధర అడిగే ముందు ఇంకోటి అడగండి: "నాలుగేళ్ల తరవాత ఇది మానేస్తే నా ఫొటోలూ, నా కాగితాలూ ఎలా తీసుకెళ్లాలి?" నేనడిగితే పంజగుట్ట కొట్లో అబ్బాయి నా వైపు వింతగా చూసి, లోపలికెళ్లి ఇంకొకర్ని పిలుచుకొచ్చాడు.

చివరికి అమ్మాయి కాలేజీకి ఫోను చేసి కనుక్కుంటే, వాళ్ల పాఠాలకి కావలసిన ప్రోగ్రాముల్లో రెండు విండోస్ మీదే నడుస్తాయన్నారు. ఆపిల్ ముచ్చట ఉద్యోగం వచ్చాక తన డబ్బుతో తీర్చుకుంటానని అమ్మాయి అంది, రెండు రోజులు ముభావంగా ఉన్నా. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆమె చేసిన మొదటి పని తాతగారి సీడీ సంగతి చూడటం. పాత ఫాంటు అక్షరాలని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి చాలావరకు మార్చింది గాని, ఒత్తులన్నీ గల్లంతు. 'కాజీపేట' బాగానే వచ్చింది, 'డోర్నకల్లు' గుర్తుపట్టలేనట్టు వచ్చింది.

అందుకని రోజూ మధ్యాహ్నం నేను తెర మీద ఉన్నది ఉన్నట్టు పైకి చదువుతాను. అత్తగారు కళ్లు మూసుకుని విని, "కాదమ్మా, ఆయన అలా అనరు" అని సరిదిద్దుతారు. నేను దిద్దుతాను. నిన్నటికి నలభై మూడో పేజీ దాకా వచ్చాం. వరదకి డోర్నకల్లు దగ్గర గూడ్సు రెండు రోజులు ఆగిపోతే, ఆయన బ్రేకు వ్యానులో కూర్చుని ఇంటికి ఉత్తరం రాసుకున్నారట. ఆ ఉత్తరం తనకి అందనే లేదని అత్తగారు నిన్న చెప్పారు. అందులో ఏం రాశారో నలభై నాలుగో పేజీలో ఉంది. ఒత్తులు సరిచేసుకుని ఇవాళ చదవాలి.